ఒక్కగానొక్క చందాదారు

గోగులంక పురపాలక సంఘం వాళ్లు ఒకసారి ఒక మంచి పని చేశారు. ఎందుకు చేశారో ఎవరికీ తెలియదు. పైనుంచి ఒత్తిడి లేదు, కోర్టు అక్షింతలు వేయలేదు, ఎన్నికలు కూడా దగ్గర్లో లేవు. అయినా చేశారు.

ఆ పని ఏమిటంటే, తమ వెబ్‌సైట్‌కి ఒక ఫీడ్ పెట్టారు. వెబ్‌సైట్లో కొత్తగా ఏ ముక్క రాసినా, జనం పనిగట్టుకుని వెళ్లి చూడనక్కర్లేకుండా, ఆ ముక్క వాళ్ల ఫోన్లోకే వచ్చి వాలుతుంది. కావాలనుకున్నవాళ్లు నారింజ రంగు గుర్తు మీద నొక్కి తగిలించుకోవడమే. వద్దనుకుంటే తీసేసుకోవడమే. అర్జీ అక్కర్లేదు, సంతకం అక్కర్లేదు, ఎవరినీ బతిమాలక్కర్లేదు. మునిసిపాలిటీ దగ్గర ఇంత సులువుగా దొరికేది ఊళ్లో మరొకటి లేదు, దోమలు తప్ప.

అలాంటిది ఒకటి పెట్టినట్టు ఊళ్లో ఎవరికీ తెలియలేదు. తెలిసింది ఒక్క భ్రమరాంబకే.

భ్రమరాంబ మూడో వార్డులో మెస్ నడుపుతుంది. ముందుగదిలో నాలుగు బల్లలు, వెనక వంటిల్లు. భర్త సూర్యచంద్రం కూరలు తెచ్చి తరుగుతాడు, ఆవిడ వండి వడ్డిస్తుంది. బ్యాంకు వాళ్లు, కాలేజీ లెక్చరర్లు, మందుల కంపెనీల కుర్రాళ్లు కలిపి ఓ నలభై మంది అక్కడే భోంచేస్తారు. ఆవిడ చేతి పప్పుచారు కోసం బదిలీ ఆపించుకున్నవాళ్లు కూడా ఉన్నారని చెప్పుకుంటారు.

ఆవిడకి ఉన్న కష్టం ఒక్కటే, కుళాయి. ఊరి చివర ట్యాంకు దగ్గర పోలయ్య అనే ఆయన వాల్వు తిప్పితే మూడో వార్డుకి నీళ్లొస్తాయి. ఎప్పుడు తిప్పుతాడన్నది ఒక లెక్క ప్రకారం ఉండదు. ఒకరోజు తెల్లారకుండానే వస్తాయి, మరోరోజు పొద్దెక్కాక. కుళాయి ముందు బిందెలు పేర్చి, పీట వేసుక్కూర్చుని కునికిపాట్లు పడటం ఆవిడకి అలవాటైపోయింది. నీళ్లు తప్పిపోయిన రోజు పొయ్యి వెలగదు.

ఒక మధ్యాహ్నం బ్యాంకులో పనిచేసే డేవిడ్ ప్రకాష్ అన్నం తింటూ ఆవిడ కళ్ల కింది చారలు చూశాడు.

"ఏంటక్కా, నిద్రలేదా?"

"నిద్రెక్కడిది బాబూ. ఆ కుళాయి ఎప్పుడు దగ్గుతుందా అని కాసుక్కూచోడమే కదా."

డేవిడ్ ప్రకాష్ ఎడమచేత్తో ఫోన్ తీసి మునిసిపాలిటీ వెబ్‌సైట్ వెతికాడు. అందులో ఒక మూల వార్డులవారీగా నీళ్ల వేళలు రాసి ఉన్నాయి. పక్కనే నారింజ రంగు గుర్తు. చెయ్యి కడుక్కొచ్చి ఆవిడ ఫోన్లో ఆ ఫీడ్ తగిలించి ఇచ్చాడు.

"రేపట్నుంచి నీళ్లు ఎప్పుడొచ్చేదీ ముందే మీ ఫోన్‌కి వచ్చేస్తుందక్కా. హాయిగా పడుకోండి."

ఆవిడ నమ్మలేదు. కానీ ఆ సాయంత్రమే ఫోన్ టింగుమంది. మూడో వార్డుకు రేపు ఉదయం ఆరింటికి నీళ్లు అని ఒకే ఒక ముక్క. మర్నాడు ఆరింటికి నిజంగానే కుళాయి దగ్గింది, చీదింది, తర్వాత ధారకట్టింది. భ్రమరాంబ బిందెలు నింపుకుంటూ ఆ ఫోన్‌ని కళ్లకద్దుకున్నంత పనిచేసింది. ఆ వారం అంతా కంటినిండా నిద్రపోయింది. పప్పుచారు రుచి ఇంకొంచెం పెరిగిందని లెక్చరర్లు అన్నారు.

ఆవిడ చేసిన తప్పల్లా ఒక్కటే. కృతజ్ఞత చెప్పుకుందామని వెళ్లింది.

స్టీలు క్యారియర్లో రవ్వకేసరి పెట్టుకుని మునిసిపల్ ఆఫీసుకి వెళ్లేసరికి, లోపల పరిస్థితి ఇలా ఉంది. ఫీడ్ ఎలా పనిచేస్తోందో చెప్పమని రాజధాని నుంచి ఉత్తరం వచ్చింది. చందాదారుల సంఖ్య ఎంత, వాళ్ల సంతృప్తి ఎంత శాతం అని అడిగారు. కంప్యూటర్ చూస్తే సంఖ్య ఒకటి అని చూపిస్తోంది. మొన్నటిదాకా జనన మరణాల విభాగంలో ఉండి, కొత్తగా ఫీడ్ సమన్వయాధికారిగా వేయబడ్డ వైకుంఠరావు ఆ ఒకటి పక్కన ఇంకేమైనా అంకెలు కనపడకుండా పోయాయేమోనని తెరని రుమాలుతో తుడుస్తున్నాడు.

"నీళ్ల కబురు ఫోన్లో పెడతన్నారు కదండీ, ఆ పుణ్యాత్ములెవరో చూసి పోదామని వచ్చానండి" అంది భ్రమరాంబ.

వైకుంఠరావు లేచి నిలబడ్డాడు.

"మీరేనా అండీ ఆ... ఒకటి?"

ఆవిడకి అర్థం కాలేదు గానీ, కేసరి మాత్రం అందరికీ పంచింది. కమిషనర్ గారు స్వయంగా గదిలోంచి బయటికి వచ్చి రెండుసార్లు వడ్డించుకుని, "అమ్మా, పారదర్శక పాలన దిశగా ఈ పురపాలక సంఘం వేసిన తొలి అడుగులో మీరు కేవలం లబ్ధిదారు కాదు, భాగస్వామి" అన్నారు. ఆవిడ ఖాళీ క్యారియర్ తీసుకుని ఇంటికొచ్చేసింది.

ఆ సాయంత్రం రాజధానికి వెళ్లిన నివేదికలో చందాదారుల సంఖ్య అన్న చోట "దినదిన ప్రవర్ధమానము" అని రాశారు. మిగతాదంతా శాతాల్లో ఉంది. చందాదారుల్లో నూటికి నూరు శాతం మంది ప్రతి సమాచారాన్నీ చదువుతున్నారు. నూటికి నూరు శాతం మంది సంతృప్తి వ్యక్తం చేశారు. మహిళల వాటా నూరు శాతం. స్వయం ఉపాధి పొందుతున్నవారి వాటా నూరు శాతం. కార్యాలయానికి స్వచ్ఛందంగా విచ్చేసి మధుర పదార్థములతో హర్షము ప్రకటించినవారి శాతం కూడా అంతే.

అందులో అబద్ధం ఒక్కటీ లేదు.

వేలమంది చందాదారులున్న పెద్ద పెద్ద ఊళ్లన్నీ, చదివేవాళ్లు నూటికి పది మంది కూడా లేరని తలలు పట్టుక్కూర్చుంటే, గోగులంక నూటికి నూరు తెచ్చుకుంది. మొదటి బహుమతి వచ్చింది. కమిషనర్ గారు రాజధానికి వెళ్లి జ్ఞాపిక తెచ్చుకున్నారు. తిరిగొచ్చాక భ్రమరాంబ ఇంటికొచ్చి, వడ్డన మధ్యలో ఆవిడ చేతిలో గరిటె ఉండగానే శాలువా కప్పారు. చివర్లు సాంబారులో తడిశాయి.

"అంతా బానే ఉందండి గానీ, నేనేం చేశానని ఇది?" అంది ఆవిడ.

"మీరు చదివారమ్మా" అన్నారు కమిషనర్ గారు గంభీరంగా.

ఆ సందర్భంలోనే వైకుంఠరావు ఆవిడ ఫోన్ అడిగి తీసుకుని పాత ఫీడ్ తీసేశాడు. దాని చోట మునిసిపాలిటీ వారు సొంతంగా చేయించిన యాప్ పెట్టాడు. పాతదానిలో చదివారో లేదో ఆఫీసుకి ఖాయంగా తెలిసేది కాదట. ఇందులో ప్రతి ముక్క కిందా "చదివితిని" అని ఒక మీట ఉంది. నొక్కగానే ఆఫీసులో పచ్చలైటు వెలుగుతుంది.

శాలువా సంగతి వీధంతా పాకింది. పక్కింటి నూకరత్నం వచ్చి ఫోన్లో చూసింది. "నీళ్లొచ్చే టైము ముందే చెప్తాదా? నీ అమ్మ కడుపు సల్లగుండ, నాకూ పెట్టించవే" అంది. ఆవిణ్ణి చూసి ఎదురింటివాళ్లు, వాళ్లని చూసి వెనక వీధివాళ్లు అడిగారు. భ్రమరాంబ సంబరపడి అందరినీ వెంటేసుకుని ఆఫీసుకి వెళ్లింది. వైకుంఠరావు వాళ్లని చూసి సంతోషిస్తాడనుకుంది. ఆయన ముఖం పాలిపోయింది.

"కుదరదండి" అన్నాడు.

"అదేంటండీ? ఊరి కోసం పెట్టిందే కదండీ?"

"ఊరి కోసమేనండి. అందుకే కుదరదు. ఇప్పుడు మనది నూటికి నూరు. ఈవిడగారొచ్చి చేరి ఒక్కరోజు చదవకపోయారనుకోండి, యాభై. ఇంకో ఇద్దరు చేరి వాళ్లూ చదవకపోతే, పాతిక. ఊరి పరువేం కావాలండీ?"

"నేను సదువుతానయ్యా" అంది నూకరత్నం.

"చేరేముందు అందరూ అలాగే అంటారమ్మా."

ఆ మర్నాడే వెబ్‌సైట్లోంచి నారింజ రంగు గుర్తు మాయమైంది. దాని చోట "చందాదారుల స్థానములన్నియు భర్తీ అయినవి. పౌరులు గమనించగలరు" అని వెలిసింది. నూకరత్నం రోజూ సాయంత్రం భ్రమరాంబ గుమ్మం దగ్గరికొచ్చి రేపెన్నింటికని అడిగి, వీధి చివరిదాకా కేకేసి చెప్పడం మొదలుపెట్టింది. అలా ఫీడ్ వీధంతా పారింది. కానీ అధికారికంగా చందాదారు ఒక్కరే.

ఇది ఇలా ఉండగా భ్రమరాంబ చెల్లెలి మనవరాలికి చెవులు కుట్టించే వేడుక వచ్చింది. లంకల్లో ఊరు, ఫోన్‌కి సిగ్నల్ అందదు. ఒకరోజుండి తిరిగొచ్చేసరికి ఇంటి అరుగు మీద వైకుంఠరావు కూర్చుని ఉన్నాడు. చొక్కా నలిగిపోయి ఉంది. పక్కన ఒక అటెండరు ఆయనకి విసురుతున్నాడు.

"ఎక్కడికెళ్లారండీ?" అన్నాడు వైకుంఠరావు. గొంతులో కోపం కన్నా ఏడుపే ఎక్కువ వినపడింది.

"చెవులు కుట్టించారండి, మా చెల్లెలి మనవరాలికి."

"నిన్న మధ్యాహ్నం నుంచి మన పట్టణంలో పఠన శాతం సున్నా అండి. నూటికి నూరు పడిపోయింది. ఇలాంటి పతనం రాష్ట్రంలోనే లేదుట. కమిషనర్ గారు అన్నం మానేశారు."

"అయ్యో. ఇప్పుడు చదివేస్తానుండండి."

"ఇప్పుడు చదివితే అది నేటి ఖాతా అండి. నిన్నటిది పోయినట్టే."

మర్నాడు మెమో వచ్చింది. సదరు చందాదారు ముందస్తు అనుమతి లేకుండా చదవకపోవుటకు గల కారణములను తెలియజేయవలెననీ, ఇకమీదట ఊరు విడిచి వెళ్లదలచిన ఎడల కార్యాలయమునకు తెలిపి, సిగ్నల్ లభించు బంధువుల ఇండ్లకు ప్రాధాన్యమివ్వవలెననీ దాని సారాంశం. సూర్యచంద్రం దాన్ని రెండుసార్లు చదివి, "మనం వాళ్లకి ఉద్యోగం చేస్తన్నామేంటే?" అన్నాడు.

"ఉద్యోగమైతే జీతమిస్తారు" అంది భ్రమరాంబ.

అయినా ఆవిడ సర్దుకుపోయింది. నీళ్లొస్తున్నాయి కదా, ఒక మీట నొక్కడానికేం అనుకుంది. మంచివాళ్లతో వచ్చే చిక్కే అది. ఎంతవరకు సర్దుకుంటారో అవతలివాళ్లకి తెలిసిపోతుంది.

ఆ తర్వాత నెలలో రాజధానివాళ్లు కొత్త ప్రమాణం పెట్టారు. చదవడం ఒక్కటే చాలదు, ఎన్ని అప్‌డేట్లు పెట్టారన్నది కూడా చూస్తామన్నారు. కమిషనర్ గారు అన్ని విభాగాల వాళ్లనీ పిలిపించారు. "సమాచారమనేది ప్రజల హక్కు. హక్కును పొదుపుగా వాడటం నేరం. ప్రతి విభాగమూ లక్ష్యాలను అధిగమించాలి" అని ప్రసంగించారు. పన్నుల విభాగం, ఆరోగ్య విభాగం, వీధిదీపాల విభాగం పనులు పక్కనపెట్టి కంప్యూటర్ల ముందు కూర్చున్నాయి.

భ్రమరాంబ ఫోన్ టింగుటింగుమనడం మొదలుపెట్టింది.

"కార్యాలయపు గోడ గడియారము ఆగినది."

"సదరు గడియారము ఆగిన విషయము పరిశీలనలో ఉన్నది."

"పై సమాచారములో 'ఆగినది' అనుటకు బదులు 'నిలిచినది' అని చదువుకొనవలెను."

"పై సవరణలో కామా విడువబడినది. చింతిస్తున్నాము."

ఒక చేత్తో గరిటె, ఒక చేత్తో ఫోన్. అన్నం వార్చడానికి వంగితే టింగు. పోపులో ఆవాలు చిటపటమంటుంటే టింగు. నొక్కడం ఆలస్యమైతే వైకుంఠరావు ఫోన్ చేసి, "గడియారం మూడోది చూశారాండీ?" అని అడిగేవాడు. సాంబారులో రెండుసార్లు ఉప్పు పడింది. పెరుగులో కారం పడింది. ఒకరోజు లెక్చరర్లకి వడ్డిస్తూ, "పప్పు పరిశీలనలో ఉన్నదండి" అనేసింది. వాళ్లు నవ్వారు గానీ ఆవిడకి నవ్వు రాలేదు.

ఆ గలభాలో నీళ్ల కబురు నలిగిపోయేది. కమిషనర్ గారి కుర్చీకి కొత్త కవరు తొడిగిన సమాచారానికీ, ఆ కవరు రంగు మీద వచ్చిన సవరణకీ మధ్య ఎక్కడో ఇరుక్కుని ఉండేది. దాన్ని వెతికి పట్టుకునేసరికి నీళ్లు వచ్చి వెళ్లిపోయేవి. భ్రమరాంబ మళ్లీ పీట వేసుకుని కుళాయి ముందు కూర్చోవడం మొదలుపెట్టింది. ఇదివరకు ఊరికే కూర్చునేది. ఇప్పుడు ఫోన్ నొక్కుతూ కూర్చుంటోంది.

తర్వాత అసలు నీళ్లు రావడమే మానేశాయి.

ఒకరోజు చూసింది, రెండోరోజు చూసింది. మూడోరోజు ట్యాంకర్ తెప్పించుకుని, వంట ముగించి, కొంగు దోపుకుని ఆఫీసుకి వెళ్లింది.

"పోలయ్యకి ఒంట్లో బాలేదాండీ?"

"దివ్యంగా ఉన్నాడండి" అని వైకుంఠరావు గది మూలకి చూపించాడు. అక్కడ పోలయ్య కంప్యూటర్ ముందు బిగుసుకుని కూర్చుని, ఒక్క చూపుడువేలితో అక్షరాల్ని వెతుక్కుంటున్నాడు. నుదుటిమీద చెమట కారుతోంది.

"ఆయన్ని అప్‌డేట్ల విభాగంలోకి తీసుకున్నామండి. చూడండి, వాల్వు తిప్పితే రోజుకి ఒకే ఒక్క అప్‌డేట్ వస్తుంది. అదే మనిషిని కుర్చీలో కూర్చోబెడితే ముప్పై తీస్తున్నాడు. మానవ వనరుల సద్వినియోగం అంటే అదేనండి."

"మరి నీళ్లండీ?"

"నీళ్లకి సంబంధించిన సమాచారం ఒక్కపూటైనా ఆగిందాండీ?" అన్నాడు వైకుంఠరావు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన కళ్లు టేబుల్ మీదే ఉన్నాయి.

అప్పుడే ఆవిడ ఫోన్ టింగుమంది. "మూడో వార్డుకు నేడు నీళ్లు లేవు. కారణము: వాల్వు తిప్పు సిబ్బంది అందుబాటులో లేరు." మూలనుంచి పోలయ్య తలెత్తి, "అది నేనే కొట్టానమ్మా" అన్నాడు దిగులుగా.

డేవిడ్ ప్రకాష్ ఆ మధ్యాహ్నం ఫోన్ తీసుకుని కుస్తీ పట్టాడు. "అసలు ఫీడ్‌లో ఉన్న అందమే, వద్దనుకున్నప్పుడు మానేయగలగడమక్కా. వీళ్లు దాన్ని ఇలా చేశారేంటి?" అన్నాడు. చివరికి ఎక్కడో అడుగున "చందా విరమణ" అన్న మీట దొరికింది. నొక్కాడు. "తమ అభ్యర్థన కౌన్సిల్ ముందుంచబడును. అంతవరకు చదువుట కొనసాగించగలరు" అని వచ్చింది.

కౌన్సిల్ కూర్చుంది. అధికార పక్షమూ ప్రతిపక్షమూ ఒక్కమాట మీదికి రావడం ఆ ఊళ్లో అదే మొదలు. ఒక్క చందాదారు కూడా లేని ఫీడ్ పట్టణ గౌరవానికి భంగమనీ, శ్రీమతి భ్రమరాంబ గారిని పట్టణ వారసత్వ సంపదగా ప్రకటించడమైనదనీ, వారసత్వ సంపదకు తనంతట తాను విరమించుకొను అధికారము లేదనీ తీర్మానించారు. ఇంటి గోడకి నీలం రంగు రేకు పలక బిగించారు.

నూకరత్నం ఆ పలకని కూడబలుక్కుని చదివి, "నిన్ను పాత కోట కింద జమకట్టేశారే" అంది.

ఇక రాజధాని నుంచి పరిశీలక బృందం వచ్చింది. ముగ్గురు అధికారులు వంటింటి గుమ్మంలో నిలబడి, భ్రమరాంబ మీట నొక్కడాన్ని మూడు వైపుల నుంచి చూశారు. ఒకాయన "అద్భుతం" అన్నాడు. మరొకాయన ఫొటో తీసుకున్నాడు. అందరికన్నా పెద్దాయన ఆవిడ దగ్గరికొచ్చి, మెత్తగా అడిగాడు.

"అమ్మా, ఈ వ్యవస్థ ఇంకా మెరుగుపడాలంటే మీకేం కావాలి? నిర్భయంగా చెప్పండి."

"నీళ్లండి."

"అంటే?"

"నీళ్లండి. తాగడానికీ, వండడానికీ. కుళాయిలో."

పెద్దాయన తల పంకించి, వెనక ఉన్నాయనతో రాసుకోమన్నాడు. "చందాదారు నీళ్ల విషయమై మరింత సమాచారమును కోరుచున్నారు."

మర్నాటి నుంచి నీళ్ల అప్‌డేట్లు రెట్టింపయ్యాయి. ఉదయం నీళ్లు లేవని, మధ్యాహ్నం ఉదయపు పరిస్థితియే కొనసాగుచున్నదని, సాయంత్రం రేపటి గురించి నేడే చెప్పజాలమని. పోలయ్య చూపుడువేలికి కట్టు కట్టుకుని, మధ్యవేలితో కొడుతున్నాడట.

ట్యాంకర్ నీళ్లు ఉప్పగా ఉంటాయి. పప్పు ఉడకదు. మందుల కంపెనీల కుర్రాళ్లు ముందు జారుకున్నారు, తర్వాత లెక్చరర్లు. ఒక మధ్యాహ్నం నాలుగు బల్లల మీదా కలిపి డేవిడ్ ప్రకాష్ ఒక్కడే కూర్చుని, పలుకుగా ఉన్న అన్నాన్ని ఏమీ అనకుండా తిని లేచాడు. ఆకు మడిచేటప్పుడు ఆవిడ కళ్లలోకి చూడలేదు. భ్రమరాంబకి అది చాలా బాధనిపించింది. బాలేదని తిట్టినా బాగుండేది. పన్నెండేళ్లుగా ఆవిడ వంటిల్లు ఎవరికీ మొహమాటపు భోజనం పెట్టలేదు.

మర్నాడు పొయ్యి వెలిగించలేదు. ఖాళీ బిందె చంకనెత్తుకుని వీధిలోకి వచ్చింది.

"ఎక్కడికే?" అంది నూకరత్నం.

"పోలయ్యని తీసుకొద్దాం పద."

"రమ్మంటే వత్తాడంటావా?"

"అడిగితే కదా తెలిసేది."

వీధిలో ఆడవాళ్లు తలా ఒక బిందెతో వెంట బయల్దేరారు. ఆఫీసులో అంతా కంప్యూటర్ల మీద వంగి ఉన్నారు. బిందెల చప్పుడుకి ఒక్కరూ తల తిప్పలేదు. భ్రమరాంబ నేరుగా మూలకి వెళ్లి పోలయ్య పక్కన నిలబడింది.

"పోలయ్యా, లే."

"ఇంకా పదకొండు ఉన్నాయమ్మా ఇయ్యాల్టికి" అన్నాడు అతను తెర మీంచి చూపు తిప్పకుండా.

"అవి ఎక్కడికీ పోవు గానీ లే. వాల్వు తిప్పి ఎన్నాళ్లయింది?"

పోలయ్య చూపుడువేలి కట్టుకేసి చూసుకున్నాడు. కుర్చీ వెనక్కి జరిపాడు. జరిపిన కుర్చీలోంచి లేవడానికి అతనికి ఎవరి సాయమూ అక్కర్లేకపోయింది. అందరికన్నా ముందు అతనే గుమ్మం దాటాడు.

వైకుంఠరావు అడ్డం వచ్చాడు. "భ్రమరాంబ గారూ, ఇది విధి నిర్వహణకి ఆటంకం కలిగించడమండి. పైగా మీరు చందాదారు. మీరిలా చేస్తే ఎలాగండీ?"

"ఎలాగో మీరే రాసి పెట్టండి. ఇంటికెళ్లాక చదువుతాను."

ట్యాంకు దగ్గర వాల్వు గుంతలో పిచ్చిమొక్కలు మొలిచాయి. పోలయ్య వాటిని పీకి, లుంగీ ఎగ్గట్టి, ఇనప చక్రం పట్టుకుని ఒంటి బరువంతా వేశాడు. అది కిర్రుమంది. ఇంకో చుట్టు తిప్పాడు. భూమి లోపల ఎక్కడో ఒక గుర్రు వినపడింది. "పోతన్నాయి" అని అరిచాడు. ఆ ముఖం చూస్తే ఎవరికైనా కడుపు నిండిపోయేది. నాలుగో వార్డు వాల్వు వైపు అడుగేసేలోపలే ఆఫీసు జీపు వచ్చి అతన్ని ఎక్కించుకుని పోయింది. ఇంకా పదకొండు ఉన్నాయి కదా.

మూడో వార్డు వీధంతా కుళాయిలు దగ్గాయి, చీదాయి, పారాయి. జనం బిందెలు, బకెట్లు, గంగాళాలు, చివరికి పసిపిల్లలు స్నానం చేసే టబ్బులు కూడా పట్టుకొచ్చారు. భ్రమరాంబ డ్రమ్ములు నింపుతుంటే ఫోన్ టింగుమంది. నూకరత్నం తొంగిచూసి కూడబలుక్కుని చదివింది.

"మూడో వార్డుకు నేడు నీళ్లు రాలేదు, అంట. మరి ఇయ్యేంటే?"

ఇంకోటి వచ్చింది. సమాచారము వెలువడకుండా వచ్చిన నీటిని పురపాలక సంఘము గుర్తించదనీ, అట్టి నీటిని ఉపయోగించరాదనీ, తగు ఉత్తర్వులు వచ్చువరకు యథాతథముగా నిల్వ ఉంచవలెననీ. భ్రమరాంబ ఫోన్‌ని అరుగు మీద పెట్టి, గంగాళం కింద పొయ్యి వెలిగించింది. డేవిడ్ ప్రకాష్‌కి కబురు పంపమని సూర్యచంద్రానికి చెప్పింది. సాయంత్రానికి పప్పుచారు వాసన వీధి మొదటికి వెళ్లింది.

దీపాలు పెట్టే వేళకి కుళాయి ఇంకా సన్నగా పారుతూనే ఉంది. గేటు చప్పుడైంది. చూస్తే వైకుంఠరావు. ఆఫీసు చొక్కా కాదు, ఇంట్లో వేసుకునే బనీను మీద తువ్వాలు. రెండు చేతుల్లో రెండు ఖాళీ బకెట్లు. ఆయన ఇల్లు నాలుగో వార్డులో ఉందని భ్రమరాంబకి అప్పుడే తెలిసింది.

ఆయన బకెట్లు రెండూ కింద దించాడు.

"మా ఇంట్లో నీళ్లొచ్చి నెల కావస్తోందండి" అన్నాడు. "మా అమ్మగారు మంచం మీద ఉంటారు. ఒళ్లు తుడవాలి." మళ్లీ తనే గొంతు సవరించుకుని, "అయితే అండీ, ఇవి అధికారికంగా వచ్చిన నీళ్లు కావండి" అన్నాడు.

"అనధికారికంగానే పట్టుకోండి" అని భ్రమరాంబ తన బిందె పక్కకి జరిపింది.

ఆయన మొదటి బకెట్ కుళాయి కింద పెట్టి, పక్కనే గొంతుకూర్చుని నీళ్లకేసి చూస్తూ ఉండిపోయాడు. అరుగు మీద ఫోన్ టింగుమంది. ఉలిక్కిపడ్డాడు.

"మీ అప్‌డేటండి" అన్నాడు అలవాటుగా.

"నా చేతులు తడిగా ఉన్నాయండి. మీరే చదవండి."

వైకుంఠరావు తువ్వాలుతో చేతులు తుడుచుకుని ఫోన్ అందుకున్నాడు. ఉద్యోగంలో చేరాక తమ ఫీడ్ తను చదవడం అదే మొదటిసారి. పైకి చదివాడు.

"మూడో వార్డుకు నేడు నీళ్లు రాలేదు. రానట్టుగా చందాదారు ధ్రువీకరించవలెను."

ఆయన వేలు మీట దగ్గరికి వెళ్లి ఆగింది. బకెట్ నిండి, అంచు మీంచి పొర్లి, నీళ్లు ఆయన కాళ్లని తడిపాయి. ఫోన్‌ని తిరగేసి అరుగు మీద పెట్టాడు. నిండిన బకెట్ జాగ్రత్తగా పక్కకి జరిపి, రెండోది పెట్టాడు.